ద్విభాషి వృత్తి – ప్రాచ్య విద్యార్థి సన్నద్ధత

ప్రాచ్య కళాశాలలో పాఠం చెప్పే ప్రతి అధ్యాపకుడూ ఏటా విద్యాసంవత్సరాంతంలో ఒక ప్రశ్నను ఎదుర్కొంటాడు. “ఈ చదువు ముగిసిన పిదప మాకు మార్గమేమిటండీ?” అని విద్యార్థులు అడుగుతారు. పండిత శిక్షణ, ఆపై పాఠశాలలో భాషోపాధ్యాయ పదవి అన్నది మనం చిరకాలంగా చెప్పుతూ వచ్చిన సమాధానం. ఆ ద్వారం నానాటికి ఇరుకవుతున్నదని మనకూ తెలుసు, వారికీ తెలుసు. ఇటీవల ఒక విద్యార్థి, “రెండు మూడు భాషలు వచ్చినవారికి ద్విభాషి ఉద్యోగాలున్నవట. మేము పనికివస్తామా?” అని అడిగాడు. “తప్పక పనికివస్తారు” అని వెంటనే చెప్పబోయి ఆగిపోయాను. ఆ ఆగడానికి కారణమేమిటో విజ్ఞుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక భేదాన్ని స్పష్టం చేసుకోవాలి. అనువాదకుడు వ్రాతతో పనిచేస్తాడు. అతని ముందు గ్రంథముంటుంది, పక్కన నిఘంటువుంటుంది. నచ్చని వాక్యాన్ని కొట్టివేసి మరల వ్రాయవచ్చు. ద్విభాషికి ఈ సౌకర్యాలేవీ లేవు. అతడు మాటతో పనిచేస్తాడు. ఒకరి నోట వెలువడిన మాటను విని, గ్రహించి, మరొకరికి వారి భాషలో అప్పటికప్పుడే చెప్పాలి. ఉభయులూ ఎదుటనే ఉంటారు. పలికిన మాటను వెనుకకు తీసుకొనే అవకాశం తక్కువ. కాబట్టి మంచి అనువాదకులందరూ మంచి ద్విభాషులు కాలేరు. రెండు భాషలు తెలియడం ఈ వృత్తికి ప్రవేశార్హత మాత్రమే, వృత్తి నైపుణ్యం కాదు.

ద్విభాషి అనే మాటకు మన దేశంలో రెండు విధాలైన చరిత్ర ఉన్నది. వ్యవహారంలో దుబాసీగా మారిన ఈ పదం 18వ శతాబ్దిలో చెన్నపట్టణపు దొరల కొలువులో ఒక అధికార స్థానానికి పేరయింది. దొరకు భాష రాదు, ప్రజలకు దొర భాష రాదు. ఇద్దరి నడుమ నిలిచినవాడు ఇద్దరినీ ఆడించగలిగాడు. మద్రాసు గవర్నరు పదవిలో ఉండిన హాలండ్ సోదరుల వద్ద చక్రం తిప్పిన దుబాసీ అవధానం పాపయ్య చివరకు కుట్ర నేరంపై విచారణకు గురై శిక్ష పొందాడు. చెన్నైలో చూలై ప్రాంతంలో ఆయన పేరుతో నేటికీ ఒక వీధి ఉన్నది. మధ్యవర్తి తన ప్రయోజనాన్ని మాటలో కలిపితే ఏమి జరుగుతుందో చెప్పడానికి ఆ పేరు చాలు.

రెండవ చరిత్ర న్యాయస్థానాలది. వెన్నెలకంటి సుబ్బారావుగారు 1815 నుండి 1829 వరకు మద్రాసు సదరు అదాలతులో అనువాదకులుగా, ద్విభాషిగా పనిచేశారు. ఆయన ఇంగ్లీషులో వ్రాసుకొన్న స్వీయచరిత్ర 1873లో అచ్చయింది. ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషి. 1830 మే నుండి 1831 సెప్టెంబరు వరకు ఆయన సాగించిన కాశీయాత్ర చరిత్రను మనం యాత్రా సాహిత్యంగా పాఠం చెప్పుతాము. దానిని ఒక ద్విభాషి రచనగా చదివిన వారు అరుదు. కచ్చేరీ మాటలు, హిందుస్తానీ మాటలు, ఇంగ్లీషు మాటలు ఆయన రచనలో ఉన్నవి ఉన్నట్లుగా నిలిచాయి. వాటిని సంస్కరించవలెననే తొందర ఆయనకు లేదు. చెవికి వినబడిన మాటను గౌరవించే అలవాటు ఆయనకు న్యాయస్థానంలోనే అబ్బిందని నా ఊహ.

పాపయ్యకూ వీరాస్వామయ్యగారికీ భాషాజ్ఞానంలో ఎంత తేడా ఉన్నదో మనం చెప్పలేము. స్థానంలో మాత్రం గొప్ప తేడా ఉన్నది. మొదటివాడు ఒక ప్రభువుకు సేవకుడు. రెండవవారు ప్రమాణానికి బద్ధులు. నేటి న్యాయవ్యవస్థ ఈ రెండవ మార్గాన్నే శాసనంగా నిలిపింది. నిందితునికి అర్థం కాని భాషలో సాక్ష్యం చెప్పినపుడు దానిని అతనికి తెలిసిన భాషలో వినిపించాలని 1973 నాటి నేర విచారణా స్మృతి 279వ సెక్షన్ చెప్పింది. ద్విభాషి సత్యంగానే భాషాంతరీకరించాలని 282వ సెక్షన్ నియమించింది. 2024 జులై 1 నుండి దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ ఈ నియమాలు కొనసాగుతున్నవి. 1969 నాటి ప్రమాణాల చట్టం సాక్షితో పాటు ద్విభాషి చేత కూడా ప్రమాణం చేయిస్తుంది. ప్రమాణం చేసిన ద్విభాషి, సరి కాదని తెలిసీ ఒక భాషాంతరాన్ని సరియైనదిగా చెప్పితే అది అబద్ధపు సాక్ష్యమే అవుతుందని 1860 నాటి భారత శిక్షాస్మృతి 191వ సెక్షన్ కింది ఉదాహరణల్లో ఒకటి చెప్పింది. మన విద్యార్థి ప్రవేశించదలచిన వృత్తి గౌరవమూ బరువూ ఇంతటివి.

ఇక అవకాశాల సంగతి. న్యాయస్థానాలు, ఆసుపత్రులు, అంతర్జాతీయ సదస్సులు, వ్యాపార సమావేశాలు, పర్యాటక రంగం – వీటన్నిటికీ ద్విభాషుల అవసరమున్నది. చట్టసభల్లో ఈ వృత్తికి స్థిరమైన స్థానం ఏర్పడింది. లోక్‌సభలో హిందీ, ఇంగ్లీషు భాషల నడుమ ఏకకాల భాషాంతరీకరణ 1964లో మొదలయింది. రాజ్యసభ 2018లో ఈ సౌకర్యాన్ని ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలకూ విస్తరించింది. 2025 ఫిబ్రవరిలో లోక్‌సభ అధ్యక్షులు మరి ఆరు భాషలకు దీనిని కల్పిస్తున్నట్లు ప్రకటించారు. బోడో, డోగ్రీ, మైథిలీ, మణిపురీ, ఉర్దూలతో పాటు అందులో సంస్కృతం ఉన్నది. సంస్కృతం విషయంలో సభలోనే భిన్నాభిప్రాయం వ్యక్తమైంది. ఆ వాదాన్ని అలా ఉంచి, మనను మనం వేరొక ప్రశ్న వేసుకోవాలి. సంస్కృత ప్రసంగాన్ని విని, వెనువెంటనే హిందీలోనో ఇంగ్లీషులోనో చెప్పగల పట్టభద్రులు మన కళాశాలల నుండి ఎందరు వస్తున్నారు?

వస్తే రాగలరు అనడానికి మనకు ఆధారాలున్నవి. మొదటిది ధారణ. విన్నదానిని విన్న క్రమంలో నిలుపుకోవడం మన విద్యార్థికి బాల్యం నుండి అలవాటు. రెండవది అవధానం. అనేక విషయాల నడుమ చిత్తం చెదరకుండా నిలపడం మన సభల్లో ప్రత్యక్షంగా చూస్తున్న విద్య. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది శాబ్దబోధ. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడింటి వల్ల వాక్యార్థజ్ఞానం కలుగుతుందని తర్కసంగ్రహంలో చదువుకొన్నవాడికి ద్విభాషి పనిలోని మర్మం సగం తెలిసినట్లే. తెలుగు వాక్యంలో క్రియ చివర ఉంటుంది. “అతడు నిన్న రాత్రి ఇంటికి వచ్చినట్లు నేను చూడ...” అనేంతవరకు విన్న ద్విభాషికి ఆకాంక్ష తీరదు. “...లేదు” అన్న తరువాతనే వాక్యం నిలుస్తుంది. తొందరపడి ఇంగ్లీషులో చెప్పబోయినవాడు వ్యతిరేకార్థాన్ని అనుకూలార్థంగా చెప్పివేస్తాడు. ఎక్కడిదాకా ఆగాలి, ఎక్కడ అందుకోవాలి అన్నది శాస్త్రం చదివినవాడికి తేలికగా బోధపడుతుంది.

ఇన్ని గుణాలుండగా నేను ఎందుకు ఆగిపోయాను? మన శిక్షణలో ఒక గుణం ఈ వృత్తిలో దోషంగా పరిణమిస్తుంది. అదేమిటో నేను స్వానుభవం వల్ల తెలుసుకొన్నాను.

ముప్పై ఏండ్ల కిందటి మాట. నేను గోదావరి ప్రాంతం వాడిని. అప్పుడు తమిళనాట ఒక విద్యాలయంలో తెలుగు చెప్పుతున్నాను. అక్కడి ఒక న్యాయస్థానంలో సాక్షికి తెలుగు తప్ప మరేమీ రాదనీ, ఒక్కరోజు వచ్చి ఇంగ్లీషులో చెప్పిపెట్టాలనీ కోరారు. భాషాపండితుణ్ణి గదా, ఇందులో కష్టమేమున్నదనుకొని వెళ్లాను. సాక్షి కరీంనగర్ ప్రాంతం నుండి వలస వచ్చిన తాపీపని కూలీ. కట్టడం జరిగేచోట రాత్రివేళ ఎవరో మేస్త్రిని గాయపరచారు. చూసినవాడు ఇతడు. అతడు చెప్పిన మొదటి మాటల్లో ఒకటి: “పొద్దుగాల మేస్త్రి నన్ను మందలించిండు సారూ.”

మా ప్రాంతంలో మందలించడమంటే మెల్లగా చీవాట్లు పెట్టడం. నేను సందేహించలేదు. మేస్త్రి తనను కోప్పడ్డాడని ఇంగ్లీషులో చెప్పాను. ఎదుటి పక్షం న్యాయవాది ఆ మాటను పట్టుకొన్నాడు. ఉదయం మేస్త్రి తిట్టాడు గనుక నీకు అతనిపై కక్ష ఉన్నది గదా అన్నాడు. సాక్షి లేదన్నాడు. తిట్టాడని ఇప్పుడే నీవు చెప్పలేదా అన్నాడు. సాక్షి నేను తిట్టాడని చెప్పలేదన్నాడు. చూసేవారికి అతడు మాట మార్చే మనిషిగా కనిపించసాగాడు. ఇంకొక అడుగు పడితే సాక్షి మీదనే అనుమానం మళ్లేది. అపుడతడు దిక్కుతోచక నా వైపు తిరిగి, “లొల్లి ఎక్కడిది సారూ? మంచిగున్నవా, ఇంటికాడ అందరు మంచిగున్నరా అని మందలించిండు” అన్నాడు.

తెలంగాణలో మందలించడమంటే పలకరించడం, యోగక్షేమాలు అడగడం. నేను న్యాయమూర్తి అనుమతి కోరి, తప్పు సాక్షిది కాదనీ, నాదేననీ, ఆ మాటకు అతని ప్రాంతంలో వేరే అర్థమున్నదనీ విన్నవించాను. నమోదును సవరించారు. ఆ రోజు నేను ఇంటికి వెళ్లి, ఉదయం నుండి చెప్పిన ప్రతి వాక్యాన్నీ గుర్తు చేసుకొన్నాను. మరొక దోషం కనిపించింది. అతడు “అటుదిక్కు పోయినట్టుంది” అన్నచోట “వెళ్లాడు” అన్నాను. “అన్నడట” అన్నచోట “అన్నాడు” అన్నాను. తెగిపోయిన అతని వాక్యాలను అతికి, తడబాటును తొలగించి, నిండైన వాక్యాలుగా తీర్చి అప్పగించాను. విద్యార్థి వ్రాసిన కాగితాన్ని దిద్దినట్లుగా దిద్దాను. ‘అట’ అన్నవి రెండక్షరాలే. కాని న్యాయస్థానంలో అవి కంటితో చూసిన సాక్ష్యానికీ పరులు చెప్పగా విన్న మాటకూ నడుమ గోడ. ఆ గోడను నేను తెలియకుండా కూల్చివేశాను.

సైంధవ శబ్దానికి భోజన సమయంలో ఉప్పు అనీ, ప్రయాణ సమయంలో గుఱ్ఱమనీ అర్థం చెప్పడం నేను ఎన్నో ఏండ్లుగా పాఠంగా చెప్పుతున్నవాడిని. మందలించడం నా ఎదుట నిలిచిన సైంధవమని మాత్రం గుర్తించలేదు. గ్రంథంలోని సందేహం గ్రంథంలోనే ఉంటుందనీ, మనిషి మాటలో సందేహం వస్తే అది అతని అజ్ఞానమనీ భావించే అలవాటే దీనికి మూలం. శిష్టభాషను నిలపడం మన ధర్మం. ఆ ధర్మం తరగతి గదిలో శోభిస్తుంది. సాక్షి బోనుపక్కన, రోగి మంచంపక్కన అది ఇతరుల మాటను అపహరించడమే అవుతుంది. అవధాని తనకిచ్చిన అంశాన్ని తన పద్యంగా మార్చి మెప్పు పొందుతాడు. ద్విభాషి తన ప్రతిభ ఎక్కడా కనబడకుండా చేసి కృతార్థుడవుతాడు. మన విద్యార్థికి నేర్పవలసిన మొదటి పాఠం ఇదే. దిద్దే అలవాటును విడిచిపెట్టగలిగితేనే మన పండితుడు ద్విభాషి కాగలడు.

ఈ వృత్తిలో తొలి అడుగు ఎట్లా వేయాలో కొంత వివరిస్తాను.

విద్యార్థి ముందుగా తన భాషలను నిజాయితీగా తూచుకోవాలి. ఏ భాషలో సంకోచం లేకుండా మాట్లాడగలడు, ఏ భాషను విని గ్రహించడం మాత్రమే చేతనవును అన్నది వేరువేరుగా లెక్కించాలి. మన విద్యార్థుల్లో అధికులకు సంస్కృతం చదివే భాషయే గాని మాట్లాడే భాష కాదు. ఇంగ్లీషు సంగతి చెప్పనక్కరలేదు. కనీసం ఒక అన్యభాషలో – ఇంగ్లీషు, హిందీ, తమిళం, ఏదయినా సరే – రెండేండ్లు నోటి అభ్యాసం చేయనిదే ఈ వృత్తి తలపెట్టరాదు.

రెండవది క్రమాభ్యాసం. రేడియో వార్తను వింటూ అదే భాషలో ఒక మాట వెనుకగా తిరిగి పలకడం మొదటి మెట్టు. నిమిషంపాటు విని, ఆపి, సారాంశం కాక సమస్తమూ అదే భాషలో చెప్పడం రెండవ మెట్టు. అటుపైన రెండవ భాషలో చెప్పడం. వక్త కొంత మాట్లాడి ఆగిన పిదప చెప్పే పద్ధతిలో కాగితంపై గుర్తులు వ్రాసుకోవడం అవసరం. మాటలను గాక భావాల సంబంధాన్ని గుర్తించాలి. కారణం, విరోధం, నిషేధం, సంఖ్య, పేరు – ఇవి జారిపోరాదు. అన్వయక్రమం తెలిసిన మనవారికి ఇది సహజంగా అబ్బవలసిన విద్య.

వక్త మాట్లాడుతూ ఉండగానే చెప్పే ఏకకాల పద్ధతి చివరి మెట్టు. 1945 నవంబరులో మొదలైన న్యూరెంబర్గ్ విచారణలో ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, జర్మన్ భాషల నడుమ ఈ పద్ధతి పెద్దయెత్తున నిలదొక్కుకొన్నది. వక్త వేగం మించితే ద్విభాషి పసుపు దీపం వెలిగించేవాడు. పని ఆపవలసివస్తే ఎఱ్ఱ దీపం వెలిగించేవాడు. నేటికీ ఈ పనిలో ఇద్దరు జతగా కూర్చుండి, 20, 30 నిమిషాలకొకసారి మారుతుంటారు. అలసిన బుద్ధి తప్పు చేస్తుందని ఆ వృత్తివారు అంగీకరించారు. ‘నేనొక్కడినే పూటంతా చెప్పగలను’ అనే గొప్ప ఇక్కడ చెల్లదు.

తనను పరీక్షించుకొనే కొలత కావాలనుకొన్నవారికి ఒక నమూనా ఉన్నది. ఆస్ట్రేలియాలో 1977లో ఏర్పడిన ధ్రువీకరణ సంస్థ నాటీ, వలస వెళ్లేవారి కొరకు తెలుగు – ఇంగ్లీషు సంభాషణలపై ఒక పరీక్ష నిర్వహిస్తున్నది. సుమారు 300 మాటల సంభాషణలు రెండు. ఒక్కొక్క ఖండం 35 మాటలకు మించదు. 90 మార్కులకు 63 రావాలి. ఆ పరీక్షలో నెగ్గినంత మాత్రాన ద్విభాషి అయినట్లు కాదు. మన తరగతి గదిలో అటువంటి సంభాషణలను తయారు చేసి విద్యార్థిని పరీక్షిస్తే అతని స్థితి అతనికే తెలుస్తుంది.

మూడవది వృత్తి నియమం. సాక్షి “నేను” అంటే ద్విభాషి కూడా “నేను” అనాలి. “ఇతడు ఇట్లా అంటున్నాడు” అని పక్కకు తొలగరాదు. కలపరాదు, తీయరాదు, వివరించరాదు. తెలియని మాట వస్తే అడగాలి. “మనం” అన్నాడా “మేము” అన్నాడా, “బావ” అంటే అక్క భర్తయా మేనత్త కొడుకా అన్నది ఊహించరాదు. విన్న రహస్యం బయట పెట్టరాదు. తప్పు చేస్తే నలుగురిలో ఒప్పుకోవాలి. తనకు రాని మాండలికమయితే పని స్వీకరించరాదు. శ్రీకాకుళం, రాయలసీమ, తెలంగాణ పల్లెల మాట వినకుండా ఏ తెలుగువాడూ తెలుగు ద్విభాషినని చెప్పుకోరాదని నా నిశ్చితాభిప్రాయం.

ఆదాయం విషయంలో విద్యార్థికి భ్రమ కల్పించరాదు. స్థిరమైన పదవులు కొద్ది. అధిక భాగం పిలిచిన రోజుకు పని, ఆ రోజుకే ప్రతిఫలం. తొలి అయిదారేండ్లు బోధన, అనువాదం వంటి మరొక జీవికతో కలిపి నడపవలసి వస్తుంది. న్యాయం, వైద్యం, వ్యవసాయం – వీటిలో ఒక రంగాన్ని ఎన్నుకొని దాని పరిభాషను రెండు భాషల్లోనూ పట్టికగా కూర్చుకొన్నవాడు త్వరగా నిలదొక్కుకొంటాడు.

యంత్రాలు వచ్చినవి గదా, ఇంకా ఈ విద్య ఎందుకు అని కొందరు ప్రశ్నించవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన భాషిణి వంటి సాధనాలు మాటను మాటగా మార్చగలుగుతున్నవి. అవి ఇంకా మెరుగుపడతాయి. వాటిని నిరాకరించనక్కరలేదు. కాని యంత్రం ప్రమాణం చేయదు. సాక్షి ముఖం వాడిపోవడం చూసి తన మాటను శంకించుకోదు. న్యాయమూర్తి ఎదుట లేచి, తప్పు నాదే అని చెప్పదు. ఒక మనిషి పరువు, స్వేచ్ఛ, ప్రాణం మాటపై ఆధారపడిన చోట బాధ్యత వహించే మనిషి ఒకడు ఉండాలి.

కాబట్టి నా సూచన మితమైనది. ప్రాచ్య కళాశాలల్లో చివరి సంవత్సరంలో ద్విభాషి విద్యను ఒక ఐచ్ఛిక పత్రంగా ప్రవేశపెట్టాలి. వ్రాత పరీక్ష సగానికి మించరాదు. మిగిలినది మౌఖికంగా ఉండాలి. శాబ్దబోధను తర్కపాఠంగానే గాక విన్న మాటకు అన్వయించి చెప్పాలి. న్యాయస్థానంలో కూర్చుండి వినడం, జిల్లాలోని భిన్న మాండలికాలను సేకరించడం అందులో భాగం కావాలి. విశ్వవిద్యాలయ అనుమతి వచ్చేవరకు వారానికి రెండు గంటలు స్వచ్ఛందంగా చెప్పడానికి మనకెవరూ అడ్డు రారు.

మా విద్యార్థికి నేను ఇపుడు ఇట్లా సమాధానం చెప్పాను: “నీకు ధారణ ఉన్నది, శాస్త్రం ఉన్నది. చెవి ఇంకా రావలసి ఉన్నది. ఎదుటివాని మాటలో తప్పు వెదకకుండా ఒక ఏడాది వినడం నేర్చుకో. ఆ తరువాత రా.” అతడు వస్తే అతనికి చెప్పడానికి మనం సిద్ధంగా ఉన్నామా అన్నది విజ్ఞులు ఆలోచించవలసిందిగా మనవి.